జీపు స్టీరింగ్ ఆయిల్ మేమే మార్చుకున్నాం

పోస్టు కొంచెం పెద్దది. జీపు తోలే అన్నలు, ఐటీఐ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఓపిగ్గా చదవండి.

మా ఊరి కుర్రాళ్లం ఐదుగురం కలిసి పాడేరు వైపు ఒక సెకండ్ హ్యాండ్ జీపు నడుపుతున్నాం. అది ఏ కంపెనీదో చెప్పడం ఎందుకు గానీ, మన ఏజెన్సీలో పది మంది ఎక్కేది ఏదైనా జీపే కదా. సంతకి మిరియాలు, పసుపు మోసేది అదే. సెలవులైపోయాక పిల్లల్ని ఆశ్రమ పాఠశాల దగ్గర దించేది అదే. మా పైనున్న ఊళ్లకి ఇంకా రోడ్డు లేదు. అక్కడి నుంచి గర్భిణులని డోలీలో మా ఊరి దాకా మోసుకొస్తారు, అక్కడి నుంచి ఆసుపత్రికి జీపే దిక్కు. అందుకే ఆ బండికి ఏదైనా అయితే అది మా ఐదుగురి బాధ మాత్రమే కాదు.

వానాకాలం దాటాక స్టీరింగ్ బరువెక్కింది. మలుపు తిప్పినప్పుడల్లా ముందు నుంచి కుయ్యిమని ఒక మూలుగు. కింద టౌన్‌లో ఒక షాపుకి తీసుకెళ్తే, అక్కడాయన బానెట్ ఎత్తాడు, ఇంజన్ స్టార్ట్ చేయించి విన్నాడు, ‘పంపు పోయింది, స్టీరింగ్ బాక్సు కూడా మార్చాలి’ అన్నాడు. ఆయన చెప్పిన మొత్తం మాకు రెండు నెలల రాబడి. పంపు పోయుంటే పోయుండొచ్చు, కాదనడానికి మేమెవరం. కానీ ఆయిల్ డబ్బా మూత మాత్రం ఆయన తీయలేదు. అడవి నుంచి వచ్చిన వాళ్లకి లెక్క చెప్పక్కర్లేదు అనుకునే షాపులు మనందరికీ తెలుసు. తర్వాత వస్తామని చెప్పి బండి వెనక్కి తెచ్చేశాం.

ఇంటికొచ్చి మూత తీశాం. ఆ మూతకే చిన్న పుల్ల ఉంటుంది, దాని మీద కనిష్ఠం, గరిష్ఠం గీతలు. ఆయిల్ కింది గీతకి దగ్గర్లో ఉంది. మా బండికి వాడేది ఏటీఎఫ్ రకం, కొత్తది దానిమ్మ గింజల్లా ఎర్రగా మెరుస్తుంది. మాకు కనిపించింది నల్లటి కషాయం, దానికి మాడు వాసన. పాత ఓనరు ఎప్పుడు మార్చాడో, అసలు మార్చాడో లేదో. తెల్ల గుడ్డ మీద ఒక చుక్క వేస్తే నల్ల మరక, దాని మధ్యలో సన్నటి నలుసులు. బెల్టు చూశాం, బిగువుగానే ఉంది, పగుళ్లు లేవు. పైపుల వెంట చెయ్యి పెట్టి తడిమాం, కారడం లేదు. అలాంటప్పుడు ముందు 400 రూపాయల ఆయిల్‌తో మొదలుపెట్టకుండా పంపు దాకా ఎందుకు పోవాలి?

పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. ‘స్టీరింగ్ మీద చెయ్యేస్తారా, ఘాట్‌లో అందరినీ లోయలోకి తోస్తారా’ అని మావయ్య ఒకాయన గట్టిగానే అడిగాడు. అడగాల్సిన మాటే. ఘాట్ రోడ్డులో ఎన్ని మలుపులో, ఒక్కో మలుపు కింద ఎంత లోతో ఆయనకి తెలుసు. ఆయనకి జవాబు మాలో డిగ్రీ ఫిజిక్స్ చదివే చెల్లి చెప్పింది. తనే మా గ్రూపు లెక్కలు కూడా చూస్తుంది. ఇంటర్‌లో పాస్కల్ నియమం చదువుకున్నాం కదా, మూసిన ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులా అంతే పాకుతుందని. పవర్ స్టీరింగ్ అంటే అదే. ఇంజన్ బెల్టుతో పంపు తిరుగుతుంది, పంపు ఆయిల్‌ని ఒత్తిడితో స్టీరింగ్ బాక్సులోకి తోస్తుంది. మనం చక్రం ఎటు తిప్పితే అటువైపు వాల్వు తెరుచుకుని, ఆ ఆయిల్ లోపలి పిస్టన్‌ని నెడుతుంది. పని అయిపోయిన ఆయిల్ తక్కువ ఒత్తిడితో ఇంకో పైపులోంచి డబ్బాకి తిరిగొస్తుంది. చక్రాన్ని, టైర్లని కలిపే ఇనప రాడ్లు వేరే ఉన్నాయి. మేం ముట్టుకునేది ఆ తిరుగు పైపు ఒక్కటే, మావయ్యా, రాడ్ల జోలికి, ఒత్తిడి పైపు జోలికి పోం అని చెప్పింది. ఆయన వచ్చి దగ్గర కూర్చుని చూస్తానన్నాడు. చూశాడు కూడా, చివరిదాకా.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే ఇది డ్రైవర్లలో సగం మందికి అలవాటు. దిగుడులో డీజిల్ మిగులుతుందని ఇంజన్ ఆపేసి, న్యూట్రల్‌లో జారుకుంటూ వస్తారు. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది, స్టీరింగ్ ఒక్కసారిగా రాయిలా బిగుస్తుంది. బ్రేకుకి సాయం చేసే వాక్యూమ్ కూడా రెండు మూడు తొక్కులకే అయిపోతుంది. గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. మిగిలే డీజిల్ ఎంత, మనం పణంగా పెట్టేది ఏంటి?

పని ఎలా చేశామో చెప్తాం. బండి పుస్తకం చూసుకుని అందులో రాసిన రకం ఆయిలే రెండు లీటర్లు తెచ్చాం. అందరి బండికీ ఒకటే ఆయిల్ కాదు. కొన్నిటికి ఆకుపచ్చ రంగుది వాడతారు, దానికి ఎర్రది కలపకూడదు. బ్రేకు ఆయిల్ అయితే అసలు పోయకూడదు, లోపలి రబ్బరు సీళ్లు పాడైపోతాయి. కిరోసిన్‌తో కడిగితే బాగా శుభ్రమవుతుందని ఒక పాత డ్రైవరు చెప్పాడు. ఆయన మీద గౌరవం ఉంది గానీ ఆ పని చేయలేదు. పంపు లోపల ఆయిలే కందెన, కిరోసిన్‌కి ఆ జిగురు ఎక్కడిది? కొత్త ఆయిల్‌తోనే పాతదాన్ని బయటికి తోయడం నయం.

స్కూలు ముందు చదునైన నేల మీద పెట్టాం. హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక టైర్లకి ముందూ వెనకా రాళ్లు పెట్టి, ముందు భాగం జాకీతో లేపాం. జాకీ ఒక్కదాన్నే నమ్మలేదు, చాసిస్ కింద రెండు వైపులా మందపాటి మద్ది దుంగలు దూర్చి బరువు వాటి మీదకి దించాం. సిమెంటు ఇటుకలు పెట్టొద్దు, బరువుకి చిట్లిపోతాయి. బండి కిందకి ఎవరం దూరలేదు, ఆ అవసరం కూడా రాలేదు. టైర్లు గాల్లో ఉంటే చక్రం తేలిగ్గా తిరుగుతుంది, అందుకే లేపడం.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, పశువుల డాక్టరు వాడేంత పెద్ద సిరంజీతో డబ్బాలోని నల్ల ఆయిల్ అంతా లాగేశాం. డబ్బా అడుగున బురదలాగా ఒక పొర, దాన్ని నూలు రాలని గుడ్డతో తుడిచాం. డబ్బాకి రెండు పైపులుంటాయి. మా దాంట్లో లావుది పంపుకి పోయేది, సన్నది స్టీరింగ్ నుంచి తిరిగొచ్చేది. మీ దాంట్లో ఏది ఏదో పైపు వెంట కన్ను పోనిచ్చి తేల్చుకోండి. సన్నదాని క్లిప్పు వదులు చేసి పీకి, దాని కొసని ఒక డబ్బాలో పెట్టాం. డబ్బాకి మిగిలిన కన్నానికి రబ్బరు బిరడా.

ఇక ఇది ముగ్గురి పని. ఒకరు తాళం తిప్పి (ఇంజన్ స్టార్ట్ చేయకుండా, స్టీరింగ్ లాక్ విడిపోయేంత వరకే) చక్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి నెమ్మదిగా తిప్పాలి. ఒకరు పైన కొత్త ఆయిల్ పోస్తూనే ఉండాలి, డబ్బా ఖాళీ అవ్వనీయకూడదు. ఇంకొకరు కింద పైపు పట్టుకుని రంగు చూస్తుండాలి. ఇంజన్ స్టార్ట్ చేసి పోయిస్తే నిమిషంలో అయిపోతుందని కొందరంటారు. ఆ వేగంలో పోసేవాడి చెయ్యి ఒక్క క్షణం ఆగినా పంపు ఎండు మీద తిరుగుతుంది. మాకు తొందరేం లేదు. మొదట కాఫీ రంగు, నల్ల కాఫీ. తిప్పగా తిప్పగా బెల్లం పాకం రంగు. లీటరు దాటాక ఎరుపు కనిపించింది. చూస్తున్న పిల్లలు కేక పెట్టారు. మావయ్య మాత్రం ‘ఇంకొంచెం పోనీయండి’ అన్నాడు, పోనిచ్చాం.

పైపు తిరిగి తొడిగి, క్లిప్పు బిగించి, గీత దాకా నింపి, ఇంజన్ ఆపే ఉంచి మళ్లీ ఇరవై సార్లు తిప్పాం. అది లోపలి గాలి పోవడానికి. డబ్బాలో బుడగలు పైకి వస్తాయి, ఆయిల్ దిగుతుంది, మళ్లీ పోయాలి. బుడగలు ఆగాకే స్టార్ట్ చేశాం. ఆయిల్ పాలలాగా నురగ కట్టిందంటే లోపల ఇంకా గాలి ఉన్నట్టే, ఇంజన్ ఆపి కాసేపు వదిలేయాలి. చక్రాన్ని చివరిదాకా తిప్పి అక్కడే పట్టుకుని ఉంచకూడదు, ఐదు సెకన్లు దాటితే ఆయిల్ కాగిపోతుంది. ఘాట్ మలుపులో ఎదురు బండి కోసం ఆగినప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి. చక్రాన్ని చివర నుంచి కొంచెం వెనక్కి వదిలితే చాలు.

ఫలితం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. మూలుగు పోయింది. స్టీరింగ్ తేలికైంది, చెల్లి ఒక్క చేత్తో తిప్పింది. కానీ చక్రంలో ఉన్న ఆట, అంటే తిప్పినా కొంచెం సేపు టైరు కదలకపోవడం, అలాగే ఉంది. అది ఆయిల్‌తో పోయేది కాదు, రాడ్ చివరి జాయింటు అరుగుదల. దానికి మేం చెయ్యి పెట్టలేదు. పాడేరులో మాకు నమ్మకమున్న మెకానిక్ అన్న దగ్గర మా కళ్ల ముందే మార్పించాం, పాత జాయింటు చేతికి తీసుకుని చూశాం. పైపు కారుతున్నా, కొత్త ఆయిల్ పోశాక కూడా మూలుగు పోకపోయినా మీరూ షాపుకే వెళ్లాలి. రెండు వారాలు గడిచాయి, రోజూ పొద్దున్నే పుల్ల చూస్తున్నాం, గీత తగ్గలేదు.

మిగిలింది పాత ఆయిల్, దాదాపు లీటరున్నర. ఇది రాయడం కోసమే ఈ పోస్టు మొదలుపెట్టాం అనుకోండి. మన ఊళ్లలో పాత ఆయిల్‌ని నాగలి కర్రకి, గుంజలకి చెదపట్టకుండా పూస్తారు, మిగిలింది గట్టు పక్కన పారబోస్తారు. మన గట్టు కిందే ఊట ఉంది. ఊట నీళ్లే గెడ్డలోకి, గెడ్డ నీళ్లే కింది ఊరి బిందెల్లోకి. ఒక్క వాన చాలు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడేసిన ఆయిల్ కూడా ఉందని మనలో చాలామందికి తెలీదు. మేం దాన్ని మూత బిగిసే క్యానులో పోసి, పైన ‘విషం’ అని రాసి, పాత ఆయిల్ డ్రమ్ములో పట్టే షెడ్డుకి ఇచ్చొచ్చాం. కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం పోయకండి, ఎర్ర ఆయిల్ చూసి పిల్లలు షర్బత్ అనుకుంటారు.

చిన్న కార్లున్న అన్నలు ఇప్పటికే మెసేజీలు పెడుతున్నారు. ఇప్పుడొచ్చే చాలా చిన్న కార్లలో కరెంటు మోటారుతో నడిచే స్టీరింగ్ ఉంటుంది, వాటిలో ఈ ఆయిలే ఉండదు, కాబట్టి ఎవరైనా మార్చాలని డబ్బులడిగితే డబ్బా ఎక్కడుందో చూపించమనండి.

సంక్రాంతి సెలవుల్లో పక్క ఊళ్ల జీపులు రెండు మా దగ్గరికి వస్తామన్నాయి. వచ్చేవాళ్లు బండి పుస్తకం, సరైన ఆయిల్ రెండు లీటర్లు, కొత్త క్లిప్పు ఒకటి తెచ్చుకోండి. సిరంజీ, దుంగలు మా దగ్గరున్నాయి. పాత ఆయిల్‌కి మూత ఉన్న క్యాను ఎవరిది వాళ్లే తేవాలి, అది లేకపోతే బండి లేపం.