నా బొంతల సంసారం

తూర్పుకు పోవలసిన గోదావరి మా చెన్నూరు దగ్గర ఉత్తరానికి తిరుగుతుంది. అందుకని ఉత్తరవాహిని అని పేరు. స్నానానికీ, అగస్త్యేశ్వరుడి దర్శనానికీ, జగన్నాథస్వామి దర్శనానికీ ఎక్కడెక్కడి నుంచో చుట్టాలు వస్తుంటారు. పుణ్యం మూటకట్టుకుని మా ఇంటికొచ్చి వసారాలో కూర్చోగానే వాళ్ల చూపు ఒక మూలనున్న అసలు మూటల మీద పడుతుంది. "ఇన్ని పాతగుడ్డలు ఎందుకమ్మా? స్టీలు సామాన్లవాడికి వేయరాదూ?" అంటారు. "బొంతలు కుడతానండీ" అంటే ఒక్క క్షణం జాలిగా చూస్తారు. పింఛను సరిగ్గా రావడంలేదు కాబోలు పాపం అని వాళ్ల అనుమానం!

పింఛను వస్తూనే ఉంది. మావారు బడిపంతులుగా ఉద్యోగం చేసి దిగిపోయారు. ఇంట్లో బజారు నుంచి తెచ్చిన రగ్గులూ నాలుగున్నాయి. అయినా నాకు సూది పట్టుకోకపోతే మధ్యాహ్నం గడవదు. కొందరికి పేకాట, కొందరికి సీరియళ్లు, నాకు బొంతలు. ఈ వ్యసనం గురించి మావారిని అడిగితే, "గంతకు తగ్గ బొంత అని ఊరికే అన్నారా!" అని నన్నూ తననూ కలిపి వెక్కిరిస్తారు.

బొంతంటే పాతగుడ్డలు కలిపి కుట్టేయడమే గదా అనుకునేవాళ్లకు ఒక్కమాట చెప్పాలి. అయిదున్నర మీటర్ల చీరెను రెండు మడతలు వేస్తే పొడవు సుమారు తొమ్మిది అడుగులు, వెడల్పు మూడున్నర అడుగులు వస్తుంది. ఏడడుగుల దగ్గర కత్తిరిస్తే ఒక మనిషికి చాలు. మిగిలిన ముక్క అతుకులకు పనికొస్తుంది. అట్లాంటి చీరెలు మూడు వేస్తే ఆరు పొరలు. పొరకూ పొరకూ నడుమ కాస్త గాలి చిక్కుకుంటుంది. ఒంటి వేడిని బయటకు పోనీయకుండా పట్టి ఉంచేది ఆ గాలే. ఒకే మందపాటి గుడ్డకంటే ఆరు పలచని నూలుగుడ్డలు వెచ్చగా ఉండేది అందుకే. ఇది మా అమ్మకు ఏ సైన్సు మేష్టారూ చెప్పలేదు, అయినా ఆమెకు తెలుసు.

ముందు చీరెలను గంజి పోయేదాకా వేడినీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో గలగలలాడేట్టు ఆరబెట్టాలి. నేలమీద పరచి నాలుగు మూలలా ఇటుకలు పెట్టాలి. మధ్య నుంచి అంచులవైపు పొడుగు పొడుగు టాకాలు వేసుకుంటూ పోవాలి. అంచు నుంచి మొదలుపెడితే ముడతలన్నీ నడిమికి చేరి కూర్చుంటాయి. ఆ తర్వాత అంగుళానికొక వరుస చొప్పున అసలు కుట్టు. ఏడడుగుల బొంతకు 42 వరుసలు. అంగుళానికి మూడు కుట్ల లెక్కన ఎంతవుతుందో ఒకరోజు మావారు కాగితం మీద కూడికలు, గుణకారాలు చేసి చూపించారు: 10,584! ఆ అంకె విన్న రోజు నా వేళ్లు ఎందుకు నొస్తున్నాయో తెలిసింది.

అన్నట్టు, ఏ చీరె పడితే ఆ చీరె పనికిరాదు. పాలిస్టరు చీరె పక్క పొర మీద జారిపోతుంది, చెమట పీల్చదు. నాలుగు ఉతుకులకు నూలు ఒక తీరుగా, అది ఒక తీరుగా అయి బొంత ముడుచుకుపోతుంది. చుట్టూ పత్తిచేలున్న ఊరు మాది. అయినా ఇప్పుడు పాత నూలుచీరె దొరకాలంటే నాలుగిళ్లు తిరగాలి. పత్తి మా దగ్గర పండుతుంది గాని, ఒంటిమీదికి వచ్చేసరికి అందరికీ పాలిస్టరే!

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా వసారాలో అయిదారుగురం చేరతాం. ఎదురింటి పెద్దమ్మకు ఎనభై దాటాయి. సూదిలోకి దారం ఎక్కించలేదు గాని, ఎక్కించి ఇస్తే నా కంటే తిన్నగా కుడుతుంది. డిగ్రీ చదువుతున్న కొత్తకోడలొకతె దారానికి తేనెమైనం రాసి ఇస్తుంది. సిరోంచ నుంచి కాపురానికొచ్చిన అక్కయ్య ఒకామె ఉంది. అది మహారాష్ట్ర గదా, ఆమె దీన్ని 'గోధడి' అంటుంది. పేరు మారింది గాని సూది అదే. ఒకరి బొంత ఒకరం పట్టుకుంటాం. అల్లుళ్ల గుణగణాలూ, మోకాళ్ల నొప్పులూ, పప్పు ధరలూ అన్నీ ఆ పొరల్లోకే పోతాయి.

2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు ఈ కాలక్షేపమే పనికొచ్చింది. చేలు మునిగాయి, పల్లపు ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక చూస్తే పరుపులు బురదముద్దలు. బియ్యం, పప్పు ఎవరో ఒకరు పంచుతారు. ముసురులో తడినేల మీద పసిపిల్లలను దేనిమీద పడుకోబెట్టాలో మాత్రం ఎవరికీ తోచదు. మేం ఇంటింటికీ తిరిగి పాతచీరెలు, పంచెలు అడిగి తెచ్చి ఆ వానకాలమంతా కుట్టాం. పదకొండు బొంతలయ్యాయి. పదకొండు ఒక లెక్కా అంటే కాదు. కాని పదకొండు ఇళ్లల్లో అది లెక్కే.

ప్రస్తుతం నా చేతిలో మూడు బొంతలున్నాయి. మొదటిది మావారి పంచెలతో. తెల్లటిదంతా తెల్లగానే ఉంటే ఆస్పత్రి పక్కలా ఉంటుందని నీలంరంగు లుంగీ చెక్కులు నడుమ నడుమ అతుకుతున్నాను. రెండోది పెద్దమ్మకు. ఆమెకు బరువు ఆనదు గనక నాలుగు పొరలే. మూడోదాని సంగతే అసలు కథ.

మా అమ్మాయి అమెరికాలో ఉంది. మొన్న ఆశ్వయుజంలో ఆడపిల్ల పుట్టింది. మనవరాలికి బొంత కుట్టాలి గదా! సందుక తీశాను. అడుగున మా అమ్మ చీరెలు రెండు. అమ్మ పోయి నాలుగేళ్లయింది. మెత్తటి నూలుచీరెలు, ఉతికి ఉతికి వెన్నలా అయినవి. వాటికంటే పసిఒంటికి తగినవి ఈ లోకంలో లేవనిపించింది. కత్తెర తీయబోతుంటే మా తమ్ముడి భార్య వచ్చింది. చీరెలు గుర్తుపట్టి గుండెమీద చెయ్యేసుకుంది.

"వదినె, పోయినోళ్ల బట్టలు పసిపిల్లకు కప్పుతరా ఎవలన్న? నీకేమైంది?"

ఆమెను తప్పుపట్టలేను. మన ఇళ్లల్లో పోయినవారి బట్టలు ఇంట్లో ఉంచుకోవద్దంటారు. ఆఖరిరోజుల బట్టలు నదిలో విడిచిపెట్టడమో, ఎవరికైనా ఇచ్చేయడమో చేస్తారు. పిల్లకు రేపు జలుబు చేసినా ఆ మాట ఎవరిమీదికి వస్తుందో నాకు తెలియనిది కాదు. మా మరదలు చెడ్డది కాదు. పిల్లమీద ప్రేమతోనే అన్నది. నేనూ ప్రేమతోనే తీశాను. రెండు ప్రేమల నడుమ కత్తెర ఆగిపోయింది.

వారం రోజులు ఆ చీరెలు మంచంమీదనే ఉన్నాయి. మావారు లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలు తిరగేస్తూ, తోచినవి నాకు చదివి వినిపించేవారు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉందిట. ఒకప్పుడు పత్తితోటల్లో బానిసలుగా బతికినవారి సంతతివాళ్లు. పాతబట్టలతో బొంతలు కుట్టి చలి కాచుకునేవారు. ఆ బొంతలనే 2002లో హ్యూస్టన్, న్యూయార్కు మ్యూజియాల్లో గోడలకు తగిలించి జనం చూశారు. 2006లో ఆ దేశపు తపాలాశాఖ పది బొంతల బొమ్మలతో స్టాంపులు వేసింది. ఆ పల్లెలోనే మిజూరీ పెట్‌వే అనే ఆమె 1942లో, భర్త చనిపోయాక, ఆయన పనిబట్టలన్నీ కత్తిరించి బొంతగా కుట్టుకుంది. ఆయన్ను తలచుకోవడానికి, ఆ ప్రేమ కింద పడుకోవడానికి.

బెంగాలులో పాతచీరెల అంచుల నుంచి దారాలు లాగి కాంథా కుడతారు. జసీముద్దీన్ 1929లో రాసిన 'నక్షీ కాంథార్ మాఠ్' కావ్యంలో విరహిణి తన కథంతా కాంథా మీద కుట్టి, తాను పోయాక దాన్ని సమాధిమీద పరవమంటుంది. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో ఎయిడ్స్‌తో పోయినవారి పేర్లు కుట్టిన 1,920 గుడ్డపలకలు పచ్చికమీద పరిచారట. ఒక్కొక్కటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. సమాధి కొలతే అది. వాటిలో పోయినవారి చొక్కాలూ, టోపీలూ కూడా కుట్టేశారు. ఇంకా వెనక్కి పోతే, మగధదేశపు వరిమళ్లనూ గట్లనూ చూపించి భిక్షువుల చీవరాలు ఆ తీరున ముక్కలు కలిపి కుట్టమని బుద్ధుడు ఆనందుడితో అన్నట్టు వినయపిటకంలో ఉందిట.

ఇవన్నీ విన్నాను. బాగానే ఉన్నాయి. కాని అలబామా ఆచారం చెప్పి చెన్నూరు మరదలి నోరు మూయించడం ధర్మం కాదు గదా! ఆమె భయం ఈ ఊరిది. జవాబూ ఈ ఊరినుంచే రావాలి.

వచ్చింది కూడా. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ సంగతంతా విని, కుట్టు ఆపకుండానే మా మరదలిని అడిగింది. "బిడ్డా, నీ మెడల గొలుసు ఎవలిది?"

"అత్తమ్మది."

"పోయినామెదే గదా. మరి బంగారం పెట్టుకుంటే లేని కీడు నూలుబట్ట కప్పుకుంటే వస్తదా? ఆఖరునాడు కట్టిన చీరె గంగలనే పాయె. ఇవి పండుగపూట కట్టి సందుకల దాసుకున్నవి."

వసారాలో కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. మా మరదలు గొలుసు సర్దుకుని లేచి వెళ్లిపోయింది. కోపమొచ్చిందేమోనని నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు పొద్దున్నే ఒక సంచి తెచ్చి నా ముందు పెట్టింది. తీసి చూస్తే ఆమె సీమంతంనాడు కట్టిన పసుపుపచ్చ నూలుచీరె. "వదినె, మనసు ఇంకా ఒప్పుతలేదు. కాని నువ్వు కాదనకు. పైపొర, అడుగుపొర నావి ఉండని. అత్తమ్మవి లోపల పెట్టు" అంది.

నాకు వెంటనే మాట రాలేదు. పిల్ల ఒంటికి తగిలేది బతికున్న మేనత్తమ్మమ్మ చీరె. దాని లోపల వెచ్చదనం పట్టి ఉంచేది తాతమ్మ చీరె. ఇంతకంటే మంచి ఏర్పాటు పుస్తకాల్లో ఎక్కడా కనపడలేదు. ఆ పూటే టాకాలు వేశాం. మొదటి టాకా మా మరదలి చేత వేయించాను.

ఇంతలో అమ్మాయి ఫోనులో ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. "అమ్మా, ఇక్కడి పిల్లల డాక్టర్లు ఏడాది నిండేదాకా నిద్రపోయే పిల్లలమీద బొంతలు, దుప్పట్లు, పక్కలో దిండ్లు ఏవీ ఉంచొద్దంటారు. మొహంమీదికి వస్తే పిల్లకు ఊపిరాడదట" అంది. నాకు చివుక్కుమన్న మాట నిజం. కాని పిల్ల ఊపిరికంటే నా బొంత గొప్పదా? ఆలోచించి కొలత మార్చాను. పగటిపూట పెద్దవాళ్లు ఎదుట కూర్చుని ఉండగా, నేలమీద పరిచి పిల్లను బోర్లా పడుకోబెట్టి ఆడించడానికి నాలుగడుగుల చదరం. కప్పుకునే యోగం పుట్టినరోజు దాటాక. బొంతకేం తొందర, అది ఆగగలదు.

రగ్గు కొనివ్వరాదా అని మీరు అడగవచ్చు. రగ్గుల మీద నాకు కోపం లేదు. మన బజార్లకు చవక రగ్గులు పానిపట్టు నుంచి వస్తాయి. ప్రపంచంలో ఎవరెవరో విడిచిన ఉన్నిబట్టలను మిషన్లలో పీచుపీచు చేసి, మళ్లీ నూలు వడికి అక్కడ రగ్గులు నేస్తారు. ఆ లెక్కన అదీ బొంతే! తేడా అల్లా, దానిలో ఉన్నవారు ఎవరో మనకు తెలియదు. దీనిలో ఉన్నవారు తెలుసు.

ఇక మిగిలింది ఇరవై వరుసలు. పెద్దమ్మ రెండు వరుసలు తనకు అట్టిపెట్టమంది. సంక్రాంతి దాటాక మంచిర్యాల నుంచి ఒకబ్బాయి అమెరికా వెళుతున్నాడు. అతని పెట్టెలో మనకు ఇస్తానన్న జాగా కిలోన్నర. బొంత కిలో తూగుతుంది. మిగిలిన అరకిలోలో మావారు మామిడికాయ పచ్చడి అంటున్నారు, మా మరదలు సకినాలు అంటోంది. ఆ తగువు ఇంకా తేలలేదు.