రే రాబర్ట్స్ సరస్సులో మావారి గెడ

అమెరికా వెళ్లొచ్చానంటే చాలు, "నయాగరా చూశారా?" అని అడుగుతారు అందరూ. చూడలేదు. నేను చూసింది ఒక సరస్సు, దాని మీద మూరెడైనా లేని ఒక డబ్బా. నవ్వకండి. మీ ఇంట్లో కూడా రిటైరై, మాట తగ్గించేసిన మనిషి ఉంటే ఇది చదవండి.

మా అబ్బాయి వాళ్లుండేది టెక్సాస్‌లో, డెంటన్ ఊళ్లో. 2024 మార్చిలో వెళ్లాం. మావారికి అప్పటికి రెండేళ్లుగా చెవులు మందగించాయి. వినికిడి మిషను కొన్నాం గానీ, "నేనింకా అంత ముసలాణ్ణి కాలేదు" అని దాన్ని పెట్టెలోంచి తియ్యలేదు. ఏ మాటైనా రెండుసార్లు అరిచి చెప్పాలి. మనవరాలు "తాతయ్యా" అని పిలిచి పిలిచి, పలక్కపోతే వెళ్లిపోయేది. ఆయన కిటికీ దగ్గర కూచుని వీధి చూసేవారు.

మావారి ఊరు కైకలూరు దగ్గర, కొల్లేటి ఒడ్డున. చిన్నప్పుడు తాటి దోనెలో గెడ వేస్తూ తిరిగిన మనిషి. గెడ దించితే చాలట, లోతెంతో, అడుగున బురదో గట్టి నేలో చేతికే తెలిసిపోయేదట. ఈ సంగతి మా అబ్బాయికి గుర్తుంది. వాడికి ఇద్దరు కూచునే కయాక్ ఒకటి ఉంది. తెడ్డుతో నడిపే ప్లాస్టిక్ పడవ లెండి. నాన్నని చేపలకి తీసుకెళ్తానన్నాడు.

డెంటన్‌కి దగ్గర్లోనే రే రాబర్ట్స్ సరస్సు. ట్రినిటీ నది పాయ మీద ఆనకట్ట కట్టి 1987లో నీళ్లు నింపారు. సుమారు 29 వేల ఎకరాలు. ఒడ్డున ఐల్ డు బాయిస్ అనే పార్కు, నిండా ఓక్ చెట్లు. ఒకప్పుడు అడవిగా ఉన్న నేల మునిగింది కాబట్టి, ఎండిన చెట్లు ఇప్పటికీ నీళ్లలోంచి మొండి చేతుల్లా లేచి కనిపిస్తాయి. వాటి నీడనే చేపలు చేరతాయట.

మొదటి రోజే గండం గడిచింది. మావారు ముందు, అబ్బాయి వెనక. నీటి కింద మొద్దు కనిపించి వాడు "ఎడమకి, నాన్నా!" అని అరిచాడు. ఈయనకి వినపడలేదు. కయాక్ దానికి కొట్టుకుని ఒరిగింది. లైఫ్ జాకెట్లున్నాయి, పడిపోలేదు గానీ ఒడ్డున నా ప్రాణం పైకి లేచిపోయింది. ఇంటికొచ్చాక ఆయన ఒకే మాటన్నారు. "నా వల్ల వాడికి ప్రమాదం. నేనింక రాను."

అప్పుడు మా అబ్బాయి ఫిష్ ఫైండర్ కొందామన్నాడు. చేపల జాడ చూపించే మిషను. మూడు షాపులు తిరిగాం. నేను నేర్చుకున్నది మీకూ చెబుతాను, మీ పిల్లలు ఎవరైనా మొదటిసారి కొంటుంటే పనికొస్తుంది.

అది పనిచేసే తీరు తేలికే. పడవ అడుగున బిగించే ముక్క ఒకటి ఉంటుంది, ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. అది నీళ్లలోకి శబ్దాన్ని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటుంది. ఎంతసేపట్లో వచ్చిందో లెక్కగట్టి లోతు చెబుతుంది. గట్టి నేలైతే తెర మీద గీత దట్టంగా, బురదైతే పలచగా పడుతుంది. చేప కదిలి వెళ్తే విల్లులా వంపు గీత వస్తుంది.

ఇక ఎంపిక. మొదటిది తెర. చవగ్గా వస్తుందని మూడున్నర అంగుళాలది చూశాం. మావారి కళ్లకి ఎండలో అక్షరాలు ఆనవు. అయిదంగుళాలదే నయం. కొనే ముందు షాపు బయటికి తీసుకెళ్లి ఎండలో చూపించమనండి, మొహమాట పడకండి.

రెండోది, అది చూసే వెడల్పు. శబ్దం గరాటులా కిందికి విచ్చుకుంటుంది. ఇరవై డిగ్రీల గరాటైతే, ముప్ఫై అడుగుల లోతులో కనిపించేది పదడుగుల మేర మాత్రమే. మునిగిన చెట్లున్న చోట డౌన్ ఇమేజింగ్ అనే సదుపాయం ఉంటే కొమ్మలు విడివిడిగా తెలుస్తాయి. పక్కలకి చూసేవి, చేప కదలికను అప్పటికప్పుడు చూపేవి కూడా ఉన్నాయి గానీ, మొదటిసారి కొనేవాళ్లకి అంత ఖర్చు దండగ. జీపీఎస్ మాత్రం ఉండాలి. చేపలు దొరికిన చోటు, బయల్దేరిన రేవు రెండూ గుర్తు పెట్టుకోవచ్చు.

మూడోది బ్యాటరీ. మన ఇళ్లలో యూపీఎస్‌లో ఉండే సీసం బ్యాటరీ, పన్నెండు వోల్టులు, ఏడు ఆంపియర్ అవర్లది సరిపోతుంది. మిషను గంటకి అర ఆంపియర్ తాగిందనుకున్నా పద్నాలుగు గంటలు. సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చెయ్యకూడదు కాబట్టి ఏడు గంటలనుకోండి. బరువు రెండు కిలోల పైమాటే. లిథియందైతే అందులో సగం కూడా ఉండదు గానీ ఖరీదెక్కువ, దానికి తగ్గ ఛార్జరు కావాలి. ఏది కొన్నా వైరుకి ఫ్యూజు పెట్టించండి.

నాలుగోది బిగింపు. ట్రాన్స్‌డ్యూసర్‌ని కయాక్ అడుగునున్న నీటి కంతలో అమర్చుకోవచ్చు. పడవ లోపలే అతికిస్తే మధ్యలో గాలి బుడగ ఉండకూడదు, శబ్దం అక్కడే ఆగిపోతుంది. లోపల అతికిస్తే నీటి వేడి సరిగా చూపదు, డౌన్ ఇమేజింగూ సరిగా పనిచెయ్యదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇది కిందికే చూస్తుంది, ముందుకి కాదు. ఎదురున్న మొద్దుని మన కళ్లే చూడాలి. అందుకని తండ్రీకొడుకులు ఓ ఒప్పందం చేసుకున్నారు. తెడ్డుతో పడవని ఒకసారి తడితే ఎడమ, రెండుసార్లు తడితే కుడి. చెవికి వినపడక్కర్లేదు, ఒంటికి తెలుస్తుంది. గాలి లేచిన రోజు బయల్దేరకూడదన్న షరతు నాది.

రెండు వారాల తర్వాత గాలి లేని ఒక ఉదయం మళ్లీ వెళ్లాం. కోడలూ నేనూ పులిహోర డబ్బాతో ఒడ్డునే కూచున్నాం. వాళ్లు రేవు దాటి పోలేదు. మావారు తెర మీదకి వంగి, చెయ్యెత్తి వేళ్లు చూపిస్తున్నారు. పదిహేను అడుగులని, ఇరవై అని. ఆపైన ఆయన గొంతు వినపడింది. "ఇక్కడ గట్టి నేలరా! ఇదుగో చెట్టు! ఇక్కడ వెయ్యి గేలం!" ఆయన అంత గట్టిగా మాట్లాడి ఎన్నాళ్లయిందో!

ఆ రోజు నాలుగు క్రాపీలు పడ్డాయి. పది అంగుళాలు లేని చేపని తిరిగి వదిలెయ్యాలని అక్కడ నియమం, ఒకటి వదిలేశారు. పదిహేడేళ్లు నిండిన వాళ్లకి లైసెన్సు ఉండాలి, వచ్చినవాళ్లకి ఒక్క రోజుకీ ఇస్తారు. ఇంటికొచ్చే ముందు కయాక్‌లోని నీళ్లన్నీ వంపెయ్యాలి. జీబ్రా మసెల్ అనే గుల్ల పురుగు వేరే చెరువులకి పాకకుండా అట. క్రాపీ చాలా మెత్తని చేప, పులుసు పెడితే గరిటె పెట్టకండి, గిన్నె పట్టుకుని తిప్పండి చాలు.

భోజనాల దగ్గర మావారు మనవరాలికి ఆ మిషను గురించి చెబుతున్నారు. "ఇది శబ్దంతో చేసిన గెడ తల్లీ. నా గెడ అందని లోతుకి ఇది అందుతుంది." పిల్ల ఏదో అడిగింది. ఆయనకి వినపడలేదు. మళ్లీ అడిగింది. ఆయన కాసేపు పళ్లెం కేసి చూశారు.

"ఏమేవ్, ఆ చెవి మిషను పెట్టె ఎక్కడ పెట్టావ్?" అన్నారు.

సూట్‌కేసు అడుగున, నా చీరల మధ్య ఉంది. తెచ్చి చేతికిచ్చాను. ఏమీ అనలేదు నేను. కొన్నిసార్లు ఏమీ అనకపోవడమే మంచిది కదండీ!