భీం పక్కన నిలిచినవాళ్లు

1940లో ఐరోపా యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లు పటాలాల రిజిస్టర్లకెక్కుతున్నాయి. అదే ఏడు ఆసిఫాబాద్ అడవుల్లో, జోడెఘాట్ గుట్టల్లో, నిజాం పోలీసుల తూటాలకు గోండు నాయకుడు కుమురం భీం నేలకొరిగాడు. వెంట నిలిచిన అనుచరులూ ఒరిగారు. వాళ్లకు పటాలం లేదు, పతకం లేదు. ఇంటివాళ్ల జ్ఞాపకమే దిక్కు.

ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి వారసులు జోడెఘాట్ చేరి, గోండు ఆచారంతో పూజ చేస్తారు. అక్కడే దర్బారు పెట్టి అధికారులు అర్జీలు తీసుకుంటారు. భూమి, రోడ్డు, నీళ్లు! భీం పోరాడిందీ జల్, జంగల్, జమీన్ కోసమే కదా.

2016లో ఆసిఫాబాద్ జిల్లాకు ఆయన పేరొచ్చింది. సంతోషం. నా ధ్యాస మాత్రం ఆయన పక్కన కూలినవాళ్ల మీదే. ఏ గూడెం, ఎవరి కొడుకు, వెనక ఎవరు మిగిలారు? చెప్పగల మనవలు, మనవరాళ్లు ఉండగానే అడిగి రాసుకోవాలి.