గంపసారస్

మన అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండి వెళ్దామని ఇక్కడికి వచ్చినప్పుడు వాళ్ళకు పొద్దు ఎలా గడుస్తుందా అన్నది మనందరికీ ఉన్న బెంగే. పిల్లలకు తెలుగు అంతంతమాత్రం. పెద్దవాళ్ళకు పిల్లల ఇంగ్లీషు అందదు. మధ్యలో మనం దుబాసీలం. మా ఇంట్లో నన్ను ఆ ఉద్యోగం నుంచి తప్పించింది ఒక డైనోసార్. అదీ ఈ భూమ్మీద ఎన్నడూ పుట్టని డైనోసార్!

అయిదో క్లాసు చదువుతున్న మా అమ్మాయికి స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఈకలున్న డైనోసార్‌ను సొంతంగా ఊహించి, అది ఏం తింటుందో, పిల్లల్ని ఎలా సాకుతుందో రాయాలి. జంతువు కల్పితమే అయినా రాసిన ప్రతి మాటకూ ఆధారం చూపాలి. డైనోసార్‌కు ఈకలేమిటని మీరు నవ్వుకోవచ్చు. 1996లో చైనాలో వెలుగులోకి వచ్చిన సైనోసారోప్టెరిక్స్ శిలాజంలో ఒంటి చుట్టూ నూగు లాంటి ఈకల అచ్చు కనిపించింది. 2010లో ఆ నూగులోని రంగు రేణువులను పరీక్షించి, దాని తోక మీద ఇటుక రంగు చారలుండేవని చెప్పగలిగారు.

ఒక సాయంత్రం అమ్మాయి లైబ్రరీ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. అందులో ఓవిరాప్టర్ కథ ఉంది. 1923లో గోబీ ఎడారిలో దాని ఎముకలు ఒక గూటి దగ్గర దొరికాయి. ఆ గుడ్లు వేరే జంతువువనుకుని, మరుసటి ఏడు ‘గుడ్ల దొంగ’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. 1993లో అలాంటి గుడ్డులోనే ఆ కుటుంబానికి చెందిన పిల్ల ఎముకలు బయటపడ్డాయి. అదే ఏడు మరొకటి దొరికింది. ముంజేతులు రెండు పక్కలా చాపి, గుండ్రంగా పేర్చిన గుడ్లను కప్పుకుని, కూర్చున్నది కూర్చున్నట్టే రాయైపోయింది.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అమ్మ ఆ బొమ్మ వైపు తొంగిచూసి, “పొదుగుతున్న పెట్ట కదుటే ఇది! దొంగంటారేమిటి, పాపం!” అంది.

అమ్మాయి తలెత్తింది. “అమ్మమ్మా, హౌ డూ యూ నో?”

ఇక నాకు పని లేకపోయింది. తట్టలో వరిగడ్డి పరిచి పెట్టను ఎలా కూర్చోబెడతారో, అది మేతకు ఎంతసేపు దిగుతుందో, ఇరవై ఒక్క రోజులు ఎలా లెక్కపెడతారో, గద్ద నీడ పడగానే పిల్లలు రెక్కల కిందికి ఎలా దూరతాయో, అమ్మ చేతులు తిప్పుతూ చెప్పింది. పెట్ట గుడ్లను ముక్కుతో తిప్పుతుందని చెప్పినప్పుడు మాత్రం అమ్మాయి ఒప్పుకోలేదు. ఈ గుడ్లు సగం మట్టిలో కూరుకుని ఉండేవట, తిప్పడం కుదరదట. “ఎవిడెన్స్ ఏదీ, అమ్మమ్మా?” అంది. అమ్మ ఆలోచించి, “అయితే అది కొట్టెయ్యి. రెక్కల సంగతి ఉంచు” అంది. నలభై ఏళ్ళు కోళ్ళను సాకిన మనిషి మాటను పదేళ్ళ పిల్ల కాదనగానే నా గుండె గుభేలుమంది. అమ్మ మాత్రం మురిసిపోయింది.

చివరికి టర్కీ కోడంత జంతువు ఒకటి తయారైంది. కొక్కిరాయి కాళ్ళు, డేగ పుంజు రంగు ఈకలు, వానలో తడుస్తూ కూడా గూడు వదలని మొండితనం. పిల్లల్ని గంప కింద కమ్మే మాట అమ్మాయికి తెగ నచ్చి, దానికి గంపసారస్ అని పేరు పెట్టింది. క్లాసులో ‘గంప’ అంటే ఏమిటో తానే వివరించిందట.

అమ్మ తిరిగి ఊరికి వెళ్ళిపోయింది. ఇదివరకు ఫోనులో ఇద్దరి మాటలూ “తిన్నావా?”, “తిన్నాను” దగ్గర ఆగిపోయేవి. ఇప్పుడు పెరట్లో ఏ పెట్ట గుడ్ల మీద కూర్చుందో, ఎన్ని పిల్లలు లేచాయో అమ్మాయి తెలుగులోనే అడుగుతోంది. మాటలు తప్పులు పోతున్నాయి, అయినా ఆగడం లేదు.

మీ ఇంటికి ఈసారి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు టీవీ ముందు కాకుండా, పిల్లల హోంవర్కు పక్కన కుర్చీ వేసి చూడండి.