గిన్నెడు అదృష్టం

క్యాసినోల్లో గోడ గడియారం కనపడటం అరుదు. పొద్దెంతయిందో తెలిస్తే ఆడేవాడు లేచి వెళ్లిపోతాడని! అలాంటిది లాస్‌ వెగాస్‌లోని ప్యాలెస్‌ స్టేషన్‌ క్యాసినోలో మాత్రం జనం వాచీలు చూసుకుంటూ గంటలకొద్దీ వరసలో నిలబడతారు. పేకాటకు కాదు, భోజనానికి.

1995లో తెరిచిన ఆయిస్టర్‌ బార్‌ అది. ఉన్నవి 18 కుర్చీలే. వంటంతా ఎదురుగానే. ఆవిరితో కాగే గిన్నెల్లో రొయ్యలు, పీత మాంసం, టమాటా, మీగడ కుతకుతా ఉడుకుతుంటాయి. దాని పేరు పాన్‌రోస్ట్‌. అన్నంతో పెడతారు. కారం ఎంత కావాలో ఒకటి నుంచి పది దాకా అంకెల్లో చెప్పాలి. గుంటూరు నాలుకైతే పదికి తగ్గదేమో!

ఆయిస్టరంటే ఆల్చిప్ప. మనకు ముత్యమే గుర్తొస్తుంది. అక్కడ లోపలి మాంసాన్ని నిమ్మరసం పిండి పచ్చిగానే జుర్రుకుంటారు. కాలేయ జబ్బులున్నవారు మాత్రం పచ్చివాటి జోలికి పోకూడదు. వాటిలో ఉండే విబ్రియో బ్యాక్టీరియా వాళ్ల ప్రాణం మీదికి తేవచ్చు. అదీ ఒక జూదమే.

మెషీన్‌ ముందు పక్కవాడి ముఖమైనా చూడనివాడు, ఇక్కడ కూర్చోగానే ‘మీ కారం ఎంత?’ అని పలకరిస్తాడు. గెలిచినవాడూ ఓడినవాడూ ఒకే పంక్తి. వేసిన డబ్బుకు ఆ ఊళ్లో ఖాయంగా తిరిగొచ్చేది ఆ గిన్నెడు అన్నమే!