చెల్లాయి బోర్డుకి బాలూ తమ్ముడు

చందర్లపాడు

ఒరేయ్,

నందిగామలో చెల్లాయి పెట్టబోయే టిఫిన్ సెంటర్ బోర్డుకి పాతకాలం పోస్టర్లలాంటి, చూడగానే ముద్దొచ్చే అక్షరం చెప్పమన్నావు. నా ఓటు బాలూ తమ్ముడు ఫాంటుకే. ముంబయిలోని ఏక్ టైప్ వాళ్లు చేశారు. బాలూ అంటే జంగిల్ బుక్‌లో ఎలుగుబంటి. తమిళానికి బాలూ తంబి, మలయాళానికి బాలూ చేట్టన్, మనకేమో తమ్ముడు! బొద్దుగా, గుండ్రంగా, నవ్వుమొహంతో ఉంటుంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. బోర్డుకైనా పార్సిల్ కవరుకైనా పైసా కట్టక్కర్లేదు.

కానీ పేరు వరకే వాడండి. రెండు మూడు మాటలు, అడుగు ఎత్తున. ధరల పట్టీ కూడా అందులోనే కొట్టిస్తే చిన్న సైజులో అక్షరాల కడుపులు పూడిపోయి దకీ ధకీ తేడా తెలియదు. దానికి మండలి ఫాంటు చాలు. లావు అక్షరానికి ఒత్తు కూడా లావే కాబట్టి పేరులో మాటలు ఒకదాని కింద ఒకటి పడితే ఒత్తులు కింది వరసకి తగులుతాయి. జాగా వదలమను. ఇంకోమాట. మన ఫ్లెక్సీ షాపుల్లో చాలామందికి యూనికోడ్ కాని అను ఫాంట్లే అలవాటు, ఇదేమో యూనికోడ్. పాత ఫోటోషాప్‌లో వరల్డ్-రెడీ లేఅవుట్ పెట్టకపోతే పెసరట్టు కాస్తా 'పెసరట్‌టు' అయి కూర్చుంటుంది.

అక్షరాన్ని సింగారించడం మన వైపు ఈనాటిది కాదురా. జగ్గయ్యపేట ధనబోడు బౌద్ధ స్తూపం దగ్గర 1882లో పురావస్తు పరిశోధకుడు బర్జెస్ వెలికితీసిన ఆయక స్తంభాల (స్తూపం వేదిక మీద నిలిపే స్తంభాలు) శాసనాలు ఫోటోల్లోనైనా చూడు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పాలనలో 20వ ఏట సిద్ధార్థుడనే శిల్పి దానమిచ్చిన స్తంభాలవి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. నిలువు గీతల్ని కిందికి బారుగా సాగదీసి, గుడుల్ని పైకి వంపులు తిప్పి చెక్కారు. చదువుకోవడానికి అంత సాగదీత అక్కర్లేదు, దారిన పోయేవాడి కన్ను అక్కడ ఆగాలి, అంతే. దానం సంగతి చెప్పే కాసిని వరసలే కాబట్టి ఆ సొగసు అక్కడ చెల్లింది. పెద్ద గ్రంథమంతా అలా రాస్తే ఎవరు చదువుతారు?

ఈ మధ్య ఒక పెద్దకర్మ ఫ్లెక్సీ మీద ఇలాంటి బొద్దు అక్షరాలే చూసి మనసు చివుక్కుమంది. పోయినవాళ్ల ఫోటో కింద ఆ కులాసా ఏమిటి? మిర్చి రైతుకిచ్చే పురుగుమందు మోతాదు కాగితం మీదా ఈ అక్షరం పనికిరాదు, అక్కడ ఒక్క అంకె తప్పు చదివినా పైరు పోతుంది. టిఫిన్ సెంటర్, పిల్లల పుట్టినరోజు, బడి వార్షికోత్సవం, ఐస్‌క్రీం బండి: తమ్ముడి చోటు ఇదీ.

పేరు ఖాయం కాగానే కాగితం మీద రాసి పంపు. ఫ్లెక్సీ కొట్టించే ముందు ప్రూఫు నాకు చూపించమని చెల్లాయికి చెప్పు, ఒత్తులు నేను సరిచూస్తాను.

నీ
మిత్రుడు