పెరుగు గిన్నెకు ఎన్ని ఆంపియర్లు?

సియాటిల్ తీరంలో మేం నడిపే తెరచాప పడవ పొడవు 27 అడుగులు. అందులో వంటగది అంటే రెండు బర్నర్ల స్టవ్వు, బొచ్చెడంత సింకు, పక్కనే మూత పైకి తెరుచుకునే ఐస్‌బాక్సు. 1970లలో తయారైన చిన్న పడవలు చాలావరకు ఇంతే. మంచుగడ్డ కొని పడేసుకుని శని, ఆదివారాలు గడిపేసుకోమని వాటిని కట్టినవాళ్ల ఉద్దేశం. శాన్ వాన్ దీవుల్లో వారం తిరగాలనుకుంటే అది చాలదు. మంచు కరిగి పెరుగు డబ్బా నీళ్లలో తేలుతుంది, కొత్తిమీర కుళ్లుతుంది.

ఫ్రిజ్ పెట్టించాలి అనగానే మెరీనాలో ప్రతివాళ్లూ ఏ మోడల్ కొనాలో చెప్పేస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది పెట్టె గోడలు. పడవలోకి ఊరే నీళ్లను తోడిపోసినట్టే, ఫ్రిజ్ లోపలికి ఊరే వేడిని తోడి బయట పోస్తుంది. ఊట ఆపకుండా ఎంత తోడితే ఏం లాభం? పాత పెట్టెల చుట్టూ ఫోమ్ అంగుళమో, రెండంగుళాలో ఉంటుంది. కావాల్సింది నాలుగు. మేం లోపలివైపు ఫోమ్ పలకలు అతికించి, పైన ఫైబర్‌గ్లాస్ వేశాం. పెట్టె సగమైపోయిందని మా ఆవిడ గొణిగింది, నిజమే. మంచునీళ్లు పోవడానికి అడుగున ఉన్న కన్నానికి బిరడా కొట్టాం. చల్లగాలి బరువు, ఆ కన్నంలోంచి కిందికి జారిపోతుంది. ముందుకు తెరుచుకునే తలుపున్న ఫ్రిజ్ వద్దనుకున్నదీ అందుకే.

ఇక యంత్రం. కారులో పెట్టుకునే చవక 12 వోల్టుల కూలర్లు రోజంతా ఆగకుండా కరెంటు తాగుతూనే ఉంటాయి, బయటి వేడికన్నా ఓ ఇరవై డిగ్రీలు తగ్గించడమే వాటికి గగనం. గ్యాసుతో నడిచేవి సమతలంగా ఉంటేనే పనిచేస్తాయి, మా పడవేమో గాలి వస్తే పక్కకు ఒరుగుతుంది. పైగా ప్రొపేన్ గాలికన్నా బరువు, లీకైతే పడవ అడుగున పేరుకుంటుంది. ఆ ఆలోచనే వద్దు. మిగిలింది చిన్న డీసీ కంప్రెసర్. ఒకప్పుడు డాన్‌ఫాస్, ఇప్పుడు సెకాప్ పేరుతో వచ్చే బీడీ-35 అలాంటిదే. సముద్రపు నీటితో వేడి తీసే రకాలు సమర్థమైనవే కానీ, ఇంత చల్లటి ఊళ్లో మాకు ఫ్యానుతో నడిచేది చాలు.

అది తిరిగేటప్పుడు సుమారు 4 ఆంపియర్లు లాగుతుంది. గంటలో మూడోవంతు తిరిగితే రోజుకు 32 ఆంపియర్-అవర్లు. వేసవి మధ్యాహ్నాలు ముదిరి సగం సమయం తిరిగితే 48. వంద ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో పాడవకుండా వాడుకోగలిగేది సగమే. అంటే లైట్లు, జీపీఎస్ వెలగకముందే ఆ రోజు జీతం అయిపోయినట్టే. 100 వాట్ల సౌర ఫలక మా దగ్గర జులై ఎండలో రోజుకు పాతిక, ముప్పై ఆంపియర్-అవర్లు ఇస్తుంది, అదీ స్తంభం నీడ పడకపోతే. తాడు నీడ గీతలా పడినా రాబడి పడిపోతుంది. అందుకే రెండు ఫలకలు, ఒక లిథియం బ్యాటరీ పెట్టాం. లిథియం ఆబగా చార్జి లాగి ఇంజను ఆల్టర్నేటర్‌ను మాడ్చేస్తుంది కాబట్టి మధ్యలో డీసీ-డీసీ చార్జర్ తప్పదు.

ఎవరూ పెద్దగా పట్టించుకోనిది తీగ మందం. సన్న తీగ వేస్తే బ్యాటరీ నిండుగా ఉన్నా కంప్రెసర్ దగ్గరికి వోల్టేజీ తగ్గిపోయి చేరుతుంది. బ్యాటరీ అయిపోయిందనుకుని కంట్రోలర్ దాన్ని ఆపేస్తుంది. పాపం, ఫ్రిజ్ చెడిపోయిందని కొత్తది కొన్నవాళ్లున్నారు.

మన వంటకు అసలు ఎంత చలి కావాలి? ఆవకాయ, కందిపొడి, చింతపండు, అప్పడాలు ఏ అరలో పడేసినా ఉంటాయి. పాలు డబ్బావి, తెరిచేదాకా బయటే. పెట్టె కావాల్సింది పెరుగుకు, పచ్చిమిర్చికి, పట్టిన చేపకు. “పడవలో పెరుగెలా తోడుకుంటుందిరా?” అని అమ్మ ఫోన్లో అడిగింది. తోడు పెట్టిన గిన్నెకు తువ్వాలు చుట్టి, అప్పుడే ఆపిన ఇంజను మూత మీద ఉంచుతాం, తెల్లారేసరికి గట్టిగా ఉంటుంది. వేడి పప్పు మాత్రం నేరుగా లోపల పెట్టనివ్వను. 2 లీటర్ల పప్పును చల్లార్చడానికే దాదాపు 10 ఆంపియర్-అవర్లు పోతాయి. గిన్నెను బకెట్‌లోని సముద్రపు నీళ్లలో కాసేపు ఉంచితే ఆ పని ఉచితంగా అయిపోతుంది. ఇక్కడి నీళ్లు ఆగస్టులోనూ చేతులు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటాయి.

మా ఆవిడకు ఫ్రీజర్ కూడా కావాలి, సాల్మన్ దాచుకోవడానికట. దాని ఖర్చు ఈ ఫ్రిజ్‌దాన్ని మించుతుంది. మూడో ఫలక ఎక్కడ బిగించాలో తేలేదాకా ఆ మాట ఎత్తకూడదని మా ఒప్పందం. నిన్న పడవ వెనక కమ్మీల దగ్గర టేపు పట్టుకుని కొలతలు తీస్తూ కనిపించింది.